అడుగు

మొన్న శ్రీకృష్ణజయంతినాడు మా కోడలు గడపనుండి పూజామందిరము వరకు బియ్యపుపిండితో చిన్నికృష్ణుని అడుగులు వేయుచుండెను. ప్రక్కనే కూర్చుండి చూచుచున్న మనుమడు, "తాతగారూ! వామనుడు అడుగులు అడిగెనని నిన్న చెప్పితిరి గదా. ఈ అడుగూ ఆ అడుగూ ఒకటేనా?" అని ప్రశ్నించెను. నలువదియేండ్లు వ్యాకరణము చెప్పిన నాకు వెంటనే సమాధానము తోచలేదు. ఇంతలో వంటయింటినుండి మా గృహిణి, "మాటలలో పడి చూచుకొనలేదు, పాయసము అడుగంటినది" అనెను. మూడవ అడుగు కూడ వచ్చి చేరెను.

ఈ మాట పలుకకుండ తెలుగువారి యింట ఒక పూట గడువదు. పాదము అడుగు. పాదము మోపిన గుర్తు అడుగు. వడ్రంగివాని బద్దమీద పండ్రెండంగుళములు అడుగు. కుండకు అడుగున్నది, బావికి అడుగున్నది. పసిబిడ్డ తప్పటడుగులు వేయును. పెండ్లిలో వధూవరులు ఏడడుగులు నడతురు. ఆ యేడింటను అడుగడుగునకు విష్ణువు నీ వెంట వచ్చుగాక అనియే మంత్రార్థము. మేళముల సందడిలో ఆ మాట పందిటిలో ఎవరికిని వినబడదు, అది వేరు సంగతి. ఇక క్రియగా చూతుమా, అన్నము అడుగుదుము, అర్థము అడుగుదుము. యాచనకును ప్రశ్నకును మనకు ఒక్కటే మాట.

పాదమను నర్థము గల అడుగు తమిళమున 'అడి' యగును. శ్రీవైష్ణవులు తమ్ము 'అడియేన్' అని చెప్పుకొనుట దానినుండియే. పాదముల కడ నున్న దాసుడనని భావము. ఆ నామవాచకమునకును యాచించుట యను క్రియకును చుట్టరికము కలదని నేను వాదింపను. ధ్వని ఒకటియైనంత మాత్రమున ధాతువు ఒకటి కానక్కరలేదు. కాని వామనావతార కథను తెలుగులో చెప్పబూనినవానికి ఈ మాట చేయు ఉపకారము ఇంతింత యనరాదు.

శ్రీమద్భాగవతము అష్టమస్కంధమున ఆ కథ యున్నది. యజ్ఞవాటికకు వచ్చిన వటువును చూచి బలిచక్రవర్తి ఏమి కావలయునో అడుగుమనెను. వటువు తన పాదముతో కొలిచిన మూడడుగుల నేల అడిగెను. బలి నవ్వెను. ముల్లోకముల నేలువాని కడకు వచ్చి ఇంత స్వల్పము కోరుట బాలచాపల్య మనుకొనెను. వచ్చినవా డెవరో శుక్రాచార్యులు గుర్తించి, ఈయవలదని వారించెను. బలి వినలేదు. ఒక్క అడుగున భూమి, రెండవ అడుగున స్వర్గాదిలోకములు చెల్లిపోయినవి. పైకెత్తిన ఆ పాదమును బ్రహ్మ కడిగెను; ఆ జలమే గంగ. మూడవ అడుగునకు చోటు లేకపోగా బలి తన శిరస్సునే చూపెను. పిమ్మట స్వామి అతనిని సుతలమునకు, అనగా భూమి అడుగునకు, పంపెను. పంపి ఊరకుండలేదు. తానే గదాపాణియై అతని వాకిట కావలి నిలిచెను. అడిగినది అడుగు, తలపై మోపినది అడుగు, చేర్చినది అడుగునకు. సంస్కృతమున 'పద'శబ్దమునకు పాదము, స్థానము, మాట మున్నగు అర్థము లెన్నియో కలవు కాని, అందులో 'అడుగుట' లేదు. ఈ ఒక్క చోట మన తెలుగు గెలిచినదని సంస్కృతము చెప్పి బ్రతికిన నేను ఒప్పుకొనుచున్నాను.

ఈ కథలో నన్ను ఎల్లప్పుడు కలతపెట్టువాడు బలి కాదు, శుక్రుడు. ఆయన గురువు. నేనును గురువుననియే పిలిపించుకొంటిని. నేను పాఠశాలలో చెప్పుచున్న కాలమున ఒక చిన్న వటువు ఉండెడివాడు. కొత్తగా ఉపనయనమైన బాలుడు, బుద్ధి కొంచెము మందము. ఒకనాడు సంధిసూత్రము ఒకదానికి అర్థము అడిగెను. చెప్పితిని. మరల అడిగెను, విసుగుకొని చెప్పితిని. మూడవమారు అడుగగా, "ఇంకెన్నిసార్లు అడుగుదువురా?" అని అందరి యెదుట గద్దించితిని. తోడి విద్యార్థులు నవ్విరి. ఆ బాలుడు ఆ తరువాత నన్ను ఏమియు అడుగలేదు. వాడు బాగుపడినాడని నేను అనుకొంటిని. కొన్ని మాసములకు వాడు పాఠశాల విడిచి వెళ్ళిపోయెను. ఎచ్చటికో తెలియదు.

వామనచరిత్రము ఎన్ని ఊళ్ళలో ఉపన్యసించితినో లెక్క లేదు. మృగచర్మము, గొడుగు, కమండలువు పట్టి చిట్టిచిట్టి అడుగులతో వచ్చు వటువును వర్ణించి సభలను మురిపించితిని. నా వాకిట నిలిచి ముమ్మారు అడిగిన వటువు ఆ వర్ణనలో ఒక్కమారైనను నాకు కనబడలేదు. కనబడినది ఉద్యోగ విరమణ తరువాత. ఆలయమున అర్చకస్వామి శఠారి తలపై ఉంచిన క్షణమున. భగవంతుని పాదుకలు గల ఆ శఠారి మనమందరము నిత్యము తలనుంచుకొను మూడవ అడుగే గదా. దానిని శఠగోపమందుము. ఒకనిని మోసగించుటకు 'శఠగోపము పెట్టుట' యని లోకము పేరు పెట్టుకొన్నది. మంచి మాటను ఎట్లు చెరుపుకొందుమో చూడుడు. ఆనాడు తల వంచినవాడను వెంటనే ఎత్తలేకపోయితిని.

మనుమనికి కృష్ణజయంతినాడే ఇదంతయు, నా బాల్యశిష్యుని సంగతి తక్క, చెప్పితిని. వాడు విని, పిండి అడుగులు తొక్కకుండ ప్రక్కగా నడచి వచ్చి, "స్వామి బలి వాకిట నిలుచున్నాడు గదా. అక్కడ మరల ఏమైన అడుగుచున్నాడా?" అనెను. తెలిసినంత చెప్పితిని. వానికి తృప్తి కలుగలేదు. నిన్న మరల అడిగెను. రేపు మూడవమారు అడుగును గాబోలు, భాగవతము తీసి బల్లమీదనే ఉంచితిని.