శిక్ష పడితే సరిపోద్దా?

లాఠీ పట్టినోడికి జైలు పడితే మనకి న్యాయం జరిగినట్టేనా? మీటింగుల్లో కుర్రాళ్ళు అడుగుతుంటారు. అడగాల్సిన ప్రశ్నే. జైలు మనకి పరాయిది కాదు. ఈ దేశపు జైళ్ళలో మగ్గుతున్నవాళ్ళలో మూడింట రెండొంతుల మంది ఎస్సీలు, ఎస్టీలు, బీసీలేనని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. మనోళ్ళని మింగుతున్న ఆ ఇనప తలుపుల వెనక్కి ఇంకొకణ్ణి తొయ్యమని మనమే అడగొచ్చా?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. మాది రేపల్లె వైపు పల్లె. నా చిన్నప్పుడు ధాన్యం బస్తా పోయిందని మా మేనమామని స్టేషనుకి పట్టుకుపోయారు. మూడ్రోజులకి వదిలారు. కేసు లేదు, కాయితం లేదు. అరికాళ్ళు వాచిపోయి ఆ ఏడు కోతలకి పోలేకపోయాడు. కొన్నాళ్ళకి ఆ కొట్టిన హెడ్డు కానిస్టేబులుకి బదిలీ అయింది. ఆ మాట చెబితే మా అమ్మ కొడవలి నూరుకుంటానే "ఈడు పోతే ఇంకోడొస్తాడు. ఆ కుర్చీ మారిద్దా?" అంది.

కుర్చీ సంగతి చుండూరు చూస్తే తెలుస్తుంది. తెనాలి నుంచి బాపట్ల పోయే రైలుదారిలోనే ఉంది ఆ ఊరు. 1991 ఆగస్టు 6న పెత్తందార్లు అక్కడ ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. చంపింది పోలీసులు కాదు. కాని ఊళ్ళో పోలీసులున్నారు. మగోళ్ళని పారిపొమ్మని చెప్పింది వాళ్ళేననీ, అట్లా పరిగెత్తినోళ్ళే పొలాల్లో కాపేసిన గుంపుల చేతికి చిక్కారనీ పల్లె ఆడోళ్ళు చెప్పారు. నెల తిరగ్గానే, సెప్టెంబరు 10న, అదే ఊళ్ళో పోలీసు కాల్పులకి ఒక దళిత యువకుడు బలైపోయాడు.

ఇట్లాంటి పోలీసుకి చట్టం ఏం శిక్ష రాసింది? 1989 అత్యాచారాల నిరోధక చట్టం నాలుగో సెక్షను చూడండి. ఎస్సీ, ఎస్టీ కాని ప్రభుత్వోద్యోగి కావాలని విధి నిర్లక్ష్యం చేస్తే ఆరు నెలల నుంచి ఏడాది జైలు. మనుషులు చస్తుంటే చేతులు కట్టుకుని నిలబడ్డ దానికి మహా అయితే ఏడాది! మన ప్రాణానికి చట్టం కట్టిన ఖరీదు అది.

చంపినోళ్ళ శిక్షలు మాత్రం నిలిచాయా? 2007 జులై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. న్యాయమంటే శిక్షే అయితే ఆ న్యాయానికి ఏడేళ్ళే ఆయుష్షు. కాని కోర్టుని చుండూరులోనే పెట్టించింది దళితుల పోరాటం. కూలి తల్లులు సొంత ఊళ్ళో, జడ్జి ఎదుట, తలెత్తి సాక్ష్యం చెప్పారు. హైకోర్టు శిక్ష కొట్టేసింది గాని ఆ నిలబడటాన్ని కొట్టెయ్యలేకపోయింది.

ముద్దాయి పోలీసే అయితే సంగతి ఇంకా ఘోరం. 2007 ఆగస్టు 20న వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ స్త్రీలు చెప్పారు. 2023 ఏప్రిల్ 6న విశాఖ కోర్టు నిందితుల్ని నిర్దోషులుగా వదిలింది. దర్యాప్తు సరిగ్గా జరగలేదని తనే చెప్పి ఆ స్త్రీలకి పరిహారం ఇవ్వమంది. నేరం మోపబడింది ఖాకీ మీద, సాక్ష్యం ఏరాల్సిందీ ఖాకీయే. ఇంక దోషి ఎట్లా తేలతాడు?

అమెరికాలో 2020లో జార్జి ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి మెడ మీద మోకాలేసి చంపిన పోలీసుకి 2021లో ఇరవై రెండున్నరేళ్ళ జైలు పడింది. దోషి అని తేలిన రోజున ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ కీత్ ఎలిసన్, దీన్ని న్యాయం అననన్నాడు, జవాబుదారీతనం అన్నాడు. ఆ తేడా మనకీ కావాలి. జైలు జవాబు చెప్పిస్తది. న్యాయం అంతకంటే పెద్దది.

అయితే జైలే వద్దందామా? అనలేం. హెడ్డుకి శిక్ష పడినా మా మామ అరికాళ్ళు బాగుపడవు. కాని కొట్టడం పోలీసు హక్కు కాదు, నేరమేనని ఊరందరికీ తెలిసేది. బస్తా పోతే మనకి తెరుచుకునే జైలు, మనిషి పోతే పోలీసుకి ఎందుకు తెరుచుకోదు? మనం పెద్ద శిక్షలు అడగట్లేదు, తప్పించుకోలేని శిక్షలు అడుగుతున్నాం. దాంతోపాటు కుర్చీ మారాలంటున్నాం. పోలీసు మీద కేసుని పోలీసు దర్యాప్తు చెయ్యకూడదు. చిత్రహింసల వ్యతిరేక ఒడంబడిక మీద 1997లో సంతకం పెట్టిన ఈ దేశం దాన్ని ఆమోదించి, చట్టం చెయ్యాలి.

మన పల్లె ఆడమనిషి ఒక్కతే స్టేషను మెట్లెక్కాలి. కుర్చీలో కూచోవాలి. చెప్పింది చెప్పినట్టు రాయించి, ఎఫ్‌ఐఆర్ కాపీ చేతబట్టుకుని పొద్దుగూకే లోపు ఇంటికి రావాలి. జైలు శిక్ష ఆ రోజుకి దారి వేస్తేనే దానికి విలువ.