ఎండ రాని ఊరు

శీతాకాలపు దిగులుకు మూలం చలి కన్నా ఎక్కువగా వెలుతురు తగ్గడం. పొద్దున్నే కంట్లో పడే వెలుతురు మెదడులోని జీవగడియారాన్ని సరిచేస్తుంది, రాత్రిని సూచించే మెలటోనిన్‌ను అణచివేస్తుంది. ఆలస్యంగా తెల్లవారి త్వరగా పొద్దుగూకే చోట ఈ లెక్క తప్పుతుంది. 1984లో అమెరికాలో నార్మన్ రోసెంతాల్, ఆయన సహచరులు ఈ శీతాకాలపు దిగులును ఒక రుగ్మతగా వర్ణించారు. మామూలు డిప్రెషన్‌లో తరచూ నిద్ర పట్టదు, ఆకలి చచ్చిపోతుంది. ఇందులో చాలామందికి ఎంత పడుకున్నా నిద్ర చాలదు, అన్నం, రొట్టె, తీపి మీదికే మనసు పోతుంది. అందుకే చూసేవారు దీన్ని బద్ధకం అనుకుంటారు. బాధపడే మనిషి కూడా అదే నమ్మి తనను తాను తిట్టుకుంటాడు. ఆ నింద అతణ్ని ఇంకా కుంగదీస్తుంది.

నార్వేలోని ర్యూకాన్ ఊరు దీన్ని ఎవరి బలహీనతగానూ చూడలేదు. ఇరుకు లోయలో, ఫ్యాక్టరీ కార్మికుల కోసం కట్టిన ఊరది. కొండలు అడ్డం కావడంతో సెప్టెంబరు చివరి నుంచి మార్చి దాకా అక్కడ నేల మీద ఎండ పడదు. అద్దాలతో ఎండను కిందికి మళ్లించాలన్న ఆలోచన 1913లోనే పుట్టినా అప్పట్లో కుదరలేదు. బదులుగా, జనం కొండెక్కి సూర్యుణ్ని చూసి రావడానికి ఆ ఫ్యాక్టరీ కంపెనీ 1928లో రోప్‌వే కట్టించింది. చివరికి 2013లో కొండ మీద మూడు పెద్ద అద్దాలు నిలబెట్టారు. కంప్యూటర్ సాయంతో సూర్యుడి వెంట తిరుగుతూ అవి నడిబొడ్డున ఉన్న కూడలిలో సుమారు 600 చదరపు మీటర్ల మేర వెలుగు పరుస్తాయి. ప్రారంభం రోజున జనం చలికోట్లు తొడుక్కుని, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, పడక కుర్చీలు వేసుకుని ఆ వెలుగులో కూర్చున్నారు.

ఆ ఎండ ఎవరి ఇంట్లోకీ రాదు. దానికోసం గడప దాటాలి, దాటితే నలుగురు కనిపిస్తారు. వైద్యంలో సగం అక్కడే ఉంది. మంచినీళ్లు, వీధిదీపాల లాగే మనసుకు కావలసిన వెలుతురు కూడా ఊరి బాధ్యతేనని ర్యూకాన్ చేసి చూపింది.

ఈ విషయం తెలుగు ఇళ్లకు దూరమైనదేమీ కాదు. డిసెంబరు చివరలో హైదరాబాదులో పగలు సుమారు 11 గంటలు, స్టాక్‌హోమ్‌లో 6 గంటలు. ఎండన పడి తిరగొద్దని అమ్మ కేకలేస్తుంటే పెరిగిన పిల్లలు చదువులకని ఆగస్టులో అక్కడ దిగుతారు. అప్పటికింకా పగళ్లు పెద్దవి. నవంబరు చివరికి మధ్యాహ్నం మూడింటికే పొద్దుగూకుతుంది. క్లాసుకు వెళ్లబుద్ధి కాకపోతే తప్పు తమదే అనుకుంటారు. ఇంటికి ఫోన్ చేసి మాత్రం బాగానే ఉన్నామంటారు.

చేయదగినవి ఉన్నాయి. మబ్బు పట్టిన రోజున కూడా పగటిపూట ఆరుబయట వెలుతురు గదిలో కన్నా చాలా రెట్లు ఎక్కువ కనుక ఉదయపు నడక మానకూడదు. లేవగానే 10,000 లక్స్ దీపం దగ్గర అరగంట కూర్చోవడం నిరూపితమైన చికిత్స. కంటి జబ్బులు, బైపోలార్ సమస్య ఉన్నవారు మాత్రం ముందు డాక్టరును అడగాలి. దిగులు రెండు వారాలు దాటినా, బతకాలనిపించకపోయినా వసంతం కోసం ఆగకుండా వెంటనే వైద్యసాయం తీసుకోవాలి. దూరదేశంలో పిల్లలున్నవారు ఫోన్‌లో అన్నం తిన్నావా అని అడిగాక, ఈరోజు పగలు బయటికి వెళ్లావా అని కూడా అడగాలి.