రెండు చేతులూ కుడివే

నార్మన్ లూయిస్‌కి తెలుగువాళ్ళు ఒక దండం బాకీ. ఆ అమెరికన్ 1949లో ఇంగ్లీషు మాటలు నేర్పే ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ వేశాడు. బ్యాంకు పరీక్షలకీ జీఆర్ఈకీ కూర్చున్న మన పిల్లల చేతుల్లో ఆ పుస్తకం నలిగిన తీరు చూడాలంటే ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్‌కి వెళ్ళాలి. ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల్లో అట్ట ఊడిన ఒక ప్రతి దొరుకుతుంది. లోపల ఎవరో పెన్సిల్‌తో ‘మిసన్‌త్రోప్’ అని తెలుగులో పలుకు రాసుకుని, పక్కనే ‘మనుషులంటే గిట్టనివాడు’ అని పెట్టుకుని ఉంటారు. లూయిస్ కోరిందీ అదే, మాటని నోరారా పైకి అనమని.

జీఆర్ఈ గైడులో బ్యారన్స్ వాళ్ళు ఇచ్చిన 3,500 మాటల జాబితా సంగతి వేరు. అబేస్, అబాష్, అబేట్... బట్టీ పట్టేవాళ్ళలో చాలామంది ‘ఎ’ దగ్గరే చతికిలబడతారు. లూయిస్ అలా వరుసలో నిలబెట్టడు, మాట కడుపులో ఏముందో విప్పి చూపిస్తాడు.

‘ఆంబిడెక్స్‌ట్రస్’నే చూడండి. లాటిన్‌లో ‘ఆంబి’ అంటే ఇరువైపులా, ‘డెక్స్‌టర్’ అంటే కుడి. రెండు చేతులూ కుడిచేతులే అయినవాడన్నమాట! ఒళ్ళు జలదరించేది ఇక్కడే. విరాటపర్వంలో ఉత్తరుడికి తన పేర్లు ఒక్కొక్కటే విప్పి చెబుతూ, గాండీవం లాగేటప్పుడు తనకి రెండు చేతులూ కుడివేననీ, అందుకే సవ్యసాచి అంటారనీ అర్జునుడు చెప్పిందీ ఇదే. రోముకీ కురుభూమికీ మధ్య ఎన్ని సముద్రాలు, ఎన్ని కొండలు! ఊహ మాత్రం ఒక్కటే.

పాపం, ఎడమచేతికే ఎక్కడా దిక్కు లేదు. లాటిన్‌లో ఎడమని చెప్పే ‘సినిస్టర్’ ఇంగ్లీషులో కీడు పొడసూపే మాటైంది. ఫ్రెంచి ఎడమ ‘గోష్’ మొరటుతనమైంది. ఫ్రెంచి కుడిలోంచి పుట్టిన ‘అడ్రాయిట్’కి మాత్రం నేర్పరితనం కట్టబెట్టారు. పుర్రచేత్తో ముద్ద ఎత్తిన మనవడి చేతి మీద బామ్మ ఒక్కటి వేసినట్టు, అక్కడ భాషే వేసింది.

ముక్తసరి మాటకి పేరైన ‘లాకోనిక్’ వెనక ఒక యుద్ధ బెదిరింపే ఉంది. లాకోనియా స్పార్టన్ల సీమ. తాను దండెత్తి వస్తే మీ ఊళ్ళు నేలమట్టమేనని మాసిడోనియా రాజు ఫిలిప్ కబురంపాడట. వాళ్ళ జవాబు ఒకే మాట: ‘వస్తే!’

శత్రువుల్ని తిట్టడమెలాగో నేర్పడానికి లూయిస్ పుస్తకంలో ఏకంగా ఒక అధ్యాయం ఉంది. మొత్తంలో నాకు ప్రాణం అదే. పద్నాలుగో లూయీ కాలంలో సిపాయిల్ని కవాతుతో పీల్చి పిప్పి చేసిన ఫ్రెంచి అధికారి మార్టినెట్ పేరు, క్రమశిక్షణ పిచ్చివాళ్ళందరికీ తిట్టుగా అందులో కనిపిస్తుంది. ఆ పేజీ చదివి ఉద్యోగం తెచ్చుకున్నవాడికి పై ఆఫీసరు కేకలేసే వేళ నవ్వు ఆపుకోవడమే అసలు పరీక్ష. ఆ మాట పెద్దగా అనేశాడా, ట్రాన్స్‌ఫరు ఖాయం.