కారులో మిగిలిపోయిన ఇల్లడ

పాత బీరువాను అమ్మువాడు అరలన్నియు ఒకసారి వెదకి చూచుకొనును. ఉత్తరములు, పద్దు పుస్తకములు, పిల్లల జాతకములు తీసికొనిన పిమ్మటనే తాళము కొనువాని చేతికిచ్చును. కారును అమ్మునప్పుడును మనవారు ఇట్లే చేయుదురు. ముందరి అద్దము కడనున్న దేవుని పటమును భక్తితో తీసి దాచుకొందురు. సొరుగులోని కాగితములు, సీట్ల క్రింద జారిన చిల్లర యేరుకొందురు. కాని నేటి కారులో కంటికి కనబడని అర మరియొకటి కలదు. దానిని వెదకువారు అరుదు.

ఫోనును బ్లూటూత్ ద్వారా కారునకు కలిపినప్పుడు అందలి పేర్లు, నంబర్లు, ఎవరితో ఎప్పుడు మాటలాడినదియు కారులోని తెర వెనుకనున్న యంత్రములోనికి చేరుట సాధారణము. దారి చూపుమని అడిగినచో ఇంటి చిరునామా, వెళ్లిన ఆసుపత్రి, వియ్యాలవారి ఊరు అందు నిలిచిపోవును. నడిపినవాడు ఫోను జేబులో వేసికొని దిగిపోయినను అవి దిగిపోవు. ఇంటర్నెట్టుతో సంబంధము గల కార్లనుండి తయారీ సంస్థ కంప్యూటర్లకు కూడ కొంత సమాచారము పోవుచుండును.

2019లో అమెరికాలో వెల్లడియైన ఒక ఉదంతము ఈ సందర్భమున ఆలోచింపదగినది. ఇద్దరు భద్రతా పరిశోధకులు ప్రమాదములో చెడిపోయిన టెస్లా మోడల్ 3 కారునొకదానిని విప్పి చూచిరి. అది బోస్టన్ ప్రాంతమునందలి యొక నిర్మాణ సంస్థ వాడినది. అందు కనీసము 17 పరికరముల సమాచారమును, 11 ఫోన్ల పేర్ల జాబితాలును, ఆ ప్రమాదమును చిత్రించిన వీడియోయును ఏ సంకేత రక్షణయు లేక పడియుండెను. కారు సంస్థది, సందేహము లేదు. కాని ఆ జాబితాలు ఎవరివి? నడిపిన ఉద్యోగులవి. ఇంకను తరచి చూచినచో, ఆ ఉద్యోగుల తల్లిదండ్రులవి, వైద్యులవి, స్నేహితులవి. వారిలో అనేకులు ఆ కారును కన్నులారా చూచియైనను ఉండరు.

“బండి నాది గనుక బండిలోనున్నది నాదే” యని యజమాని వాదింపవచ్చును. ఈ వాదము వినుటకు బలముగానే యున్నది. అయితే మన తెలుగులో ఇల్లడ యను చక్కని మాట కలదు. ఇల్లడగా ఉంచిన వస్తువు పుచ్చుకొన్నవాని యింట నుండును గాని అతని సొత్తు కాదు. బాడుగకుండినవాడు ఖాళీ చేయుచు గోడమీద పెండ్లి ఫొటో మరచిపోయినచో, గోడ తనదని ఇంటివాడు ఆ ఫొటోను అమ్ముకొనడు గదా! కారును నడిపినవాడు తన జీవితమందలి జాడలను దారి తెలియుటకును, మాటలాడుటకును అప్పగించెనే గాని దానము చేయలేదు. కావున వాటిని తుడిచివేయమని అడుగు అధికారము, జాడ యెవరిదో వారిది. ఇనుము ఎవరిదో వారిది కాదు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. మన ఊళ్లలో కారు ఒకరిది, నడుపువాడు మరియొకడు. ఒక వ్యాపారికో, ఒక మఠమునకో చెందిన కారును జీతగాడు నడుపును. బండి ఎంత దూరము తిరిగినదో, ఎచ్చటికి పోయినదో యజమాని తెలిసికొనగోరుట అన్యాయము కాదు. నూనె ఖర్చు అతనిది. ఆ లెక్కను చెరిపివేయు హక్కు డ్రైవరునకు లేదు. కాని అతని భార్య నంబరు, అప్పిచ్చినవానితో రాత్రివేళ మాటలాడిన జాడ యజమానికెందులకు? జీతమిచ్చి కొనినది పని మాత్రమే. పని మానిపోవునాడు తన ఫోను జాడలు తుడుచుకొనిపొమ్మని అతనికి చెప్పువారెందరు?

వేరొక సంగతి ఇంతకంటె కఠినమైనది. ప్రమాదమునకు ముందు కొన్ని సెకండ్ల వేగమును, బ్రేకు నొక్కినదియు లేనిదియు గుర్తుంచుకొను యంత్రములు కార్లలో నున్నవి. ఐరోపా సమాఖ్యలో 2024 జూలై నుండి క్రొత్త కార్లన్నిటికిని అది తప్పనిసరి. దారినపోవు వానిని ఢీకొన్న మనిషి “అది నా సమాచారము, తుడిచివేయుడు” అన్నచో అంగీకరింపరాదు. దెబ్బ తిన్నవానికి అందు పాలు కలదు. తన బ్రతుకును మరుగుపరచుకొనుట వేరు, పరునికి జరిగిన హానికి సాక్ష్యమును మాయము చేయుట వేరు.

తుడువకపోవుటవలన అమ్మినవానికే గాక కొన్నవానికిని ముప్పు కలదు. ఐ.బి.ఎం. సంస్థకు చెందిన చార్లెస్ హెండర్సన్ తన పాత కారును వదలుకొనిన చాల కాలమునకును అది ఎచ్చటనున్నదో ఫోనులో చూడగలిగెననియు, దాని తలుపులు తెరువగలిగెననియు 2017లో వెల్లడించెను. అతడు సజ్జనుడు గనుక చెప్పెను.

2023లో మొజిల్లా సంస్థ 25 కార్ల కంపెనీల నిబంధనలను పరిశీలింపగా, నడుపువారెవరైనను తమ సమాచారమును తుడిపించుకొనవచ్చునని ఒప్పుకొన్నవి రెనో, డాసియా రెండే. మన దేశమున 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము తుడిపించుకొను హక్కును పేర్కొన్నది. 2025 నవంబరులో నియమములు ప్రకటింపబడెను. ఈ హక్కు 18 నెలల గడువు పిమ్మట అమలునకు రావలసియున్నది. అయినను ఆ చట్టము సొంత అవసరములకు సమాచారమును ఉంచుకొను గృహస్థునికి వర్తింపదు. అనగా కంపెనీని అడుగవచ్చును గాని, ప్రక్క వీధిలో మన కారును కొన్నవానిని చట్టము పేరిట అడుగలేము.

అమ్ముటకు ముందు తెరపై సెట్టింగులలోనికి పోయి ఫోను పేరు తీసివేయుట, ఫ్యాక్టరీ రీసెట్ చేయుట, ఫోనులోని కారు ఆపునుండి బండిని తొలగించుట పెద్ద పని కాదు. తయారీదారులు దానిని నాలుగు మెట్ల లోపల దాచక ఎదుటనే ఉంచినచో మేలు. అయితే ప్రమాదములో నుజ్జయిన కారునకు, వాయిదా చెల్లక బ్యాంకు పట్టుకొనిపోయిన కారునకు ఆ అవకాశమే యుండదు. అట్టి బండిని వేలములో కొన్నవాడు మొదటి దినమున తాళము త్రిప్పగానే తెరపై వరుసగా పేర్లు కనబడును. అందు “అమ్మ” అనియు నుండును, “డాక్టరు గారు” అనియు నుండును. పాత యజమాని ఎచ్చటనున్నాడో తెలియదు. అప్పుడు ఆ జాబితాను చదువక తుడుపు బొత్తామును కొన్నవాడే నొక్కవలసియుండును.