కాయకము లేని దాసోహము

వీరశైవ ధర్మమునకు కాయకము, దాసోహము అనునవి రెండు రెక్కలు. ఒంటి రెక్కతో పక్షి ఎగురజాలదు. అయినను నేడు భక్తలోకమున దాసోహమును గూర్చి వినబడునంతగా కాయకమును గూర్చి వినబడుట లేదు. జాతరలలో అన్నసంతర్పణములు జరుగుచున్నవి. మఠములకు విరాళములు చేరుచున్నవి. దాతల పేర్లు పాలరాతిపై చెక్కబడుచున్నవి. ఇవన్నియు మంచి పనులే. కాని ఆ అన్నమునకు మూలమైన ధనము ఏ దారిని వచ్చినది? బసవేశ్వరుని అడుగుజాడలలో నడువగోరు వారు ఈ ప్రశ్నను మొదట తమ ఇంటిలోనే వేసికొనవలసి యున్నది.

దాసోహమనగా 'నేను దాసుడను' అను భావము. దానమున ఇచ్చువాని చేయి పైన, పుచ్చుకొనువాని చేయి క్రింద నుండును. దాసోహమున ఇచ్చువాడే సేవకుడు. ధనము శివునిది, గృహస్థుడు దానికి కాపరి మాత్రమే. కాపరి తన యజమాని సొత్తును యజమాని బిడ్డలకు వడ్డించి, 'నేనిచ్చితిని' అని చెప్పుకొనుట తగునా? కాయకమనగా దేహమును శ్రమపెట్టి, సత్యశుద్ధముగా చేయు వృత్తి. మడివాళ మాచయ్య బట్టలుతికెను; అంబిగర చౌడయ్య పడవ నడిపెను; నులియ చందయ్య గడ్డితో త్రాళ్లు పేనెను. కల్యాణమున వీరెల్లరు శరణులుగా పూజలందుకొనిరి. అచట వృత్తిలో ఎక్కువ తక్కువలు లేవు. ఆర్జనలో శుద్ధి ఉన్నదా లేదా అనునదే విచారణ.

12వ శతాబ్దమున కలచురి బిజ్జలుని కొలువులో బసవేశ్వరుడు భండారమునకు అధికారి. పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో రచించిన బసవపురాణమున ఒక ఘట్టము కలదు. బసవన్న రాజధనమును జంగములకు ధారపోయుచున్నాడని గిట్టనివారు బిజ్జలునికి చాడీలు చెప్పిరి. రాజు భండారమును తెరపించి లెక్క చూడగా ఒక్క మాడయు తక్కువ కాలేదు. భక్తులు దీనిని శివమహిమగా కొనియాడుదురు. అది యుక్తమే. అయితే ఇందు గృహస్థునకు నేర్వవలసిన పాఠము మరియొకటి కలదు: దాసోహి యొక్క లెక్క ఎప్పుడు తెరచి చూచినను సరిపోవలెను. పరుల సొమ్ముతో చేసిన సేవ దాసోహము కానేరదు.

ఇంకొక కథ ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులది. మారయ్య కల్యాణమున బసవన్న మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట కాయకముగా పెట్టుకొనెను. ఆ గింజలతోనే ఆ దంపతులు తాము భుజించి, జంగములకు ఆరగింపు చేయుచుండిరి. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చు దానికన్న అధికముగా బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానిని చూచి సంతోషింపలేదు. ఈ మిగులు మనది కాదనియు, తెచ్చిన చోటనే పోసి రమ్మనియు భర్తను మందలించెను. మారయ్య మారు పలుకక అట్లే చేసెను.

ఈ కథలో ఆమె నిరుపేద. ఆమె ఇంట నిలువ లేదు, పొలము లేదు. అయినను అక్కరకు మించిన పిడికెడు బియ్యమును ఆమె భారముగా తలచినది. నేడు గాదెలు నిండినవారు తమ మిగులును భారముగా ఎంచుచున్నారా? ఇందు ఇంకొక అంశమును గమనింపదగును. పేదవానికి ఆత్మగౌరవము కలదు. అతనికి కావలసినది జాలి కాదు, తన కష్టమునకు తగిన ప్రతిఫలము. మారయ్యను ఎవరును బిచ్చగానిగా చూడలేదు. శరణునిగా చూచి అనుభవ మంటపమున ఆసనమిచ్చిరి.

నేటి లోకస్థితిని చూడుడు. భారతదేశపు సంపద పంపకమును పరిశీలించి ఆర్థికశాస్త్రజ్ఞులు 2024లో ప్రకటించిన ఒక అధ్యయనము ప్రకారము, 2022-23 నాటికి దేశ సంపదలో సుమారు 40 శాతము అగ్రమున నున్న నూటికి ఒక్కరి చేతిలో నున్నది. అడుగున నున్న సగము జనులకు దక్కినది సుమారు 6 శాతము. ఒకే పంక్తిలో కూర్చున్న నూరుమందిలో ఒక్కని విస్తరిలో నలుబది ముద్దలు వడ్డించి, ఏబదిమందికి కలిపి ఆరు ముద్దలు పెట్టినట్లున్నది. పంక్తిభేదము పాపమని బోధించిన ధర్మమునకు ఈ లెక్క మింగుడు పడునది కాదు.

పేదరికము పూర్వజన్మ కర్మఫలమని కొందరు ఊరకుందురు. శరణులు అట్లు ఊరకుండలేదు. ఆకలిగొన్నవానికి వారు కర్మసిద్ధాంతమును వడ్డింపలేదు, అన్నమును వడ్డించిరి. కర్మమును తలపవలసి వచ్చినచో కూలి ఎగవేసినవాని కర్మమునే ముందు తలపవలెను. సంవత్సరమంతయు పొలమున పనిచేసిన పాలేరునకు కూలి బాకీ పెట్టి, శివరాత్రికి వేయిమందికి అన్నము పెట్టిన గృహస్థుని ఊహింపుడు. ఆ అన్నపు ప్రతి ముద్దలోను పాలేరు బిడ్డల ఆకలి కలిసియున్నది. ఆ పుణ్యము ఎవరిది? ముమ్మాటికి పాలేరుదే. అతని సొమ్ముతో సంతర్పణ జరిగినది, పేరు మాత్రము గృహస్థునకు దక్కినది. నూటికి నెలకు మూడు, నాలుగు రూపాయల వడ్డీ గుంజుటయు, తరుగు పేరిట రైతు బస్తాలో కోత పెట్టుటయు ఇట్టివే. శ్రమయే పూజయని కల్యాణమున బోధింపబడిన ఎనిమిది శతాబ్దములకు, 1976లో, వెట్టిచాకిరిని మాన్పుటకు ఈ దేశమున చట్టము చేయవలసి వచ్చినది. ఆ బోధ నిజముగా మన గడపలు దాటి లోపలికి వచ్చి యుండినచో ఆ చట్టముతో పని యుండెడిది కాదు.

తెలుగు సీమలో ఆదోని ప్రాంతము నుండి ఏటేట ఎన్నో కుటుంబములు మిరపకోతకు గుంటూరు సీమకు వలస పోవుచున్నవి. ఇంటికి తాళము పడును. బిడ్డలు తల్లిదండ్రుల వెంట పోదురు. బడిలో వారి పేరు ఉండును గాని, వారు ఉండరు. తిరిగి వచ్చునప్పటికి పాఠములు ముగిసి పోవును. ఈ విధముగా తండ్రి పేదరికము కుమారునకు ఆస్తివలె సంక్రమించుచున్నది. ఇచట మఠములు చేయదగిన కార్యము కలదు. తుమకూరు సిద్ధగంగా మఠము దీనికి నిదర్శనము. 1941లో ఆ పీఠమును అధిష్ఠించి, 2019లో శివైక్యము పొందువరకు శివకుమార మహాస్వామివారు జోలె పట్టి భిక్ష తెచ్చి పేద బాలురకు అన్నమును, అక్షరమును, ఆశ్రయమును ఇచ్చిరి. కులమతములు అడుగలేదు. ఒక కాలమున సుమారు పదివేలమంది విద్యార్థులు అచట ఉచితముగా చదువుకొనిరి. అంతటి మహాకార్యము అందరికి సాధ్యము కాకపోవచ్చును. ప్రతి ఊరి మఠము వలసకాలపు మూడు నాలుగు నెలలు పదిమంది బిడ్డలను తన నీడన ఉంచుకొని బడికి పంపినను చాలును. ఆ బిడ్డల చదువు నిలుచును.

కనుక దాసోహమునకు పూనుకొను గృహస్థుడు మూడు విషయములను పాటింపవలెను. మొదటిది, తన వద్ద పనిచేసినవాని కూలి చెల్లింపకముందు విరాళము వ్రాయరాదు. రెండవది, లక్కమ్మవలె తన అక్కరకు ఒక కొలత పెట్టుకొని, మిగిలినదానిని సమాజమునకు చెల్లింపవలసిన ఋణముగా నెంచవలెను. మూడవది, ఇచ్చునప్పుడు పుచ్చుకొనువాని తల వంగకుండ చూడవలెను. నలుగురిలో నిలిపి ఛాయాచిత్రము తీయించుకొని ఇచ్చిన చీర ఆ తల్లి మేనిని కప్పదు, ఆమె మానమునే తీయును. వితంతువునకు కుట్టుమిషను, చేనేతగానికి నూలు, విద్యార్థికి పరీక్ష రుసుము రహస్యముగా అందినచో ఆ చేయి ఎవరిదో శివునకు తెలియును. అది చాలదా?

ఇష్టలింగమును అరచేత నుంచి పూజించు ప్రతి భక్తుడును ఆ అరచేతిని ప్రతి ఉదయము చూచుచునే యున్నాడు. ఆ చేతికి ఇతరుల చెమట బాకీ అంటియుండకూడదు. అట్టి శుద్ధహస్తముతో పెట్టిన పిడికెడు మెతుకులే ప్రసాదము.