న్యాయాధిపతి ఎక్కడ పాతిపెట్టబడెను?



న్యాయాధిపతుల గ్రంథములో 10వ అధ్యాయమును, 12వ అధ్యాయమును చదువునప్పుడు మనలో అనేకులు కొన్ని వచనములను త్వరగా దాటిపోవుదురు. గిద్యోను కథవలె, సమ్సోను కథవలె అవి మన మనస్సును పట్టి నిలుపవు. అక్కడ ఐదుగురు న్యాయాధిపతుల పేరులు మాత్రమే కనబడును. తోలా 23 ఏండ్లు తీర్పు తీర్చెను. అతని సమాధి షామీరులో. యాయీరు 22 ఏండ్లు, కామోనులో. ఇబ్సాను 7 ఏండ్లు, బేత్లెహేములో. ఏలోను 10 ఏండ్లు, అయ్యాలోనులో. అబ్దోను 8 ఏండ్లు; పిరాతోనులో.

యాయీరు కుమారులు 30 మంది 30 గాడిదల నెక్కి తిరిగిరనియు, వారికి 30 ఊళ్లు ఉండెననియు ఒక మాట ఉన్నది. ఆ కాలమున గాడిద నెక్కి తిరుగుట పెద్దరికమునకు గుర్తు. ఏలోనును గూర్చి అంతమాత్రము కూడ లేదు. వీరు ఏ వ్యాజ్యెమును విచారించిరో, ఏ విధవరాలికి పొలము ఇప్పించిరో, ఏ ధనవంతుని గద్దించిరో మనకు తెలియదు. ఐదుగురి ఏండ్లను కూడితే 70 ఏండ్లు. అన్ని తీర్పులలో ఒక్కటియు మిగులలేదు. మిగిలినవి మూడే: పేరు, ఏండ్ల లెక్క, పాతిపెట్టిన ఊరు.

చదువరీ, ఇంత క్లుప్తముగా వ్రాసినవాడు సమాధి ఉన్న ఊరిని మాత్రము ఎందుకు విడువలేదు? ఈ ప్రశ్నను మన ప్రాంతమునకు తెచ్చి చూతము.

గోదావరి తీరమున పినపాకవైపు జానంపేట అను ఊరు కలదు. ఆ అడవులలో పెద్ద బండలు నిలిపి, పైన మరియొక బండ కప్పి కట్టిన ప్రాచీన సమాధులు ఉన్నవి. అటువంటి వాటిని మన జనులు రాకాసి గూళ్లు అందురు. అంత బరువైన రాళ్లను ఊరంతయు కలిసి ఈడ్చి తెచ్చినదంటే అందు పండుకొన్నవాడు సామాన్యుడు కాడని తోచును. అతడు దొరయో, తగవులు తీర్చిన పెద్దయో, ఎవరు చెప్పగలరు? రాయి నిలిచినది, పేరు పోయినది. కావున బండ బరువు మనుష్యుని జ్ఞాపకమును కాపాడలేదు.

మరియొక సంగతి భద్రాచలమునకు వచ్చువారందరు వినినదే. పాల్వంచ పరగణా తహశీలుదారైన కంచర్ల గోపన్న ప్రభుత్వపు ధనముతో ఆలయము కట్టించెనని గోలకొండ ప్రభువైన తానీషా అతనిని చెరలో వేయించెను. ఆ చెర 12 ఏండ్లని చెప్పుదురు. గోలకొండ కోటలో ఆ చెరసాలను నేటికిని చూపుదురు. అయితే తీర్పు తీర్చిన ఆ రాజు ఏమాయెను? 1687లో ఔరంగజేబు గోలకొండను పట్టుకొని, అతనిని దౌలతాబాదు కోటకు కొనిపోయి చెరలో ఉంచెను. అతడు ఆ చెరలోనే మరణించెను. అతనికి ముందు ఏలిన రాజులకు గోలకొండ యొద్ద గొప్ప గుమ్మటములు ఉన్నవి. అతడు మాత్రము వారి నడుమ చేర్చబడక దూరమున ఖుల్దాబాదులో పాతిపెట్టబడెను. అతనిని చెరపట్టిన ఔరంగజేబు 1707లో మరణించినప్పుడు అతనిని కూడ అదే ఖుల్దాబాదులో, పైకప్పు లేని సామాన్యమైన సమాధిలో ఉంచిరి. చెర వేసినవాడు చెరపాలయ్యెను. గెలిచినవాడును ఓడినవాడును ఒకే ఊరి మట్టిలో ఉన్నారు.

ఇక మన కాలమునకు వత్తము. హైదరాబాదులో హుస్సేన్ సాగరపు ఒడ్డున 1996లో మరణించిన ఎన్.టి. రామారావు గారికిని, 2004లో మరణించిన పి.వి. నరసింహారావు గారికిని స్మారక స్థలములు కలవు. రాజధానికి వెళ్లినవారు వాటిని చూచి వత్తురు. అది తప్పని నేననను. ఘనపరచవలసిన వారిని ఘనపరచుమని మనకు బోధింపబడినదే గదా.

అయితే భద్రాచలమునుండి ముమ్మారు శాసనసభకు వెళ్లిన ఇద్దరిని గూర్చి ఒక్క క్షణము తలంచుడి. కుంజా బొజ్జి గారు 1985, 1989, 1994లలోను, సున్నం రాజయ్య గారు 1999, 2004, 2014లలోను ఎన్నుకొనబడిరి. ఇద్దరును గిరిజనులే, ఇద్దరును వి.ఆర్. పురం మండలపు గూడెములవారే. వారి పార్టీ మనకు సమ్మతమా కాదా అను సంగతి ఇక్కడ ఎత్తుట లేదు. నిరాడంబరముగా బ్రదికిరని ఎదుటి పక్షమువారు కూడ ఒప్పుకొనిరి. 2014లో పోలవరము నిమిత్తము ఆ మండలమును తెలంగాణలోనుండి తీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు, రాజయ్య గారు గెలిచిన స్థానము ఒక రాష్ట్రములోను, ఆయన పుట్టిన గూడెము మరియొక రాష్ట్రములోను పడినవి. 2020 ఆగస్టులో ఆయన కరోనా వ్యాధితో మరణించిరి. అంత్యక్రియలు రాజధానిలో కాదు, స్వగ్రామమైన సున్నంవారిగూడెములోనే జరిగినవి. బొజ్జి గారు 2021 ఏప్రిల్‌లో మరణించిరి.

ఇప్పుడు మన ప్రశ్నకు తిరిగి వత్తము. ఆ ఐదుగురు న్యాయాధిపతులు పాతిపెట్టబడిన ఊళ్లు దూర దేశములోనివి కావు. వారు తీర్పు తీర్చిన జనుల నడుమనే పాతిపెట్టబడిరి. నేను గ్రహించినది ఇది: తీర్పు తీర్చిన జనుల నడుమనే తనకును సమాధి అని ఎరిగినవాడు వేరొక విధముగా తీర్పు తీర్చును. వాని పాడె ఏ వీధిన పోవునో వానికి తెలియును. తాను అన్యాయము చేసిన ఇంటి ముంగిట అది పోవలెను. ఆ ఇంటివారు తలుపు తెరతురో మూసికొందురో, వాడు బ్రదికియుండగానే తలంచుకొనవలెను.

ఇది వట్టి ఊహ కాదు. యూదా రాజుల వృత్తాంతములో జనులు సమాధి యొద్దనే తమ తీర్పు చెప్పిరి. యాజకుడైన యెహోయాదా రాజు కాకున్నను, మేలు చేసెనని అతనిని రాజుల నడుమ పాతిపెట్టిరి. అతడు పెంచిన యోవాషు రాజైయుండియు, ఆ మేలు మరచి అతని కుమారుని చంపించెను గనుక రాజుల సమాధులలో చోటు పొందలేదు. బ్రదికియున్నప్పుడు రాజు తీర్పు తీర్చెను. చనిపోయిన పిమ్మట జనులు తీర్పు తీర్చిరి.

అయితే ఒకరు అడుగవచ్చును: “అయ్యా, దుర్మార్గులును సొంత ఊళ్లలోనే పూడ్చబడుట లేదా? మోషే సమాధి ఎక్కడనో ఎవరికిని తెలియదు గదా, అతడు తక్కువవాడా?” నిజమే. సమాధి ఉన్న చోటు నీతికి సాక్ష్యపత్రము కాదు. చోటు కంటె, ఆ చోటును ఎదుట ఉంచుకొని బ్రదుకుటయే ముఖ్యము.

మన ప్రభువు శ్రమల కథలో ఇద్దరు అధికారులను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. పిలాతు ఆ దేశపువాడు కాడు. యెరూషలేము వానికి కొలువు మాత్రమే; అక్కడ చనిపోవలెనని గాని, ఆ జనుల నడుమ పండుకొనవలెనని గాని వాడు తలంచియుండడు. కనుక నిర్దోషి అని ఎరిగియు నీళ్లతో చేతులు కడుగుకొనెను. వాని సమాధి ఎక్కడనో నేడు ఎవరికిని తెలియదు. రెండవవాడు అరిమతయియ యోసేపు. అతడును తీర్పు తీర్చు సభవాడే. అయితే ఆ సభవారి ఆలోచనకు ఒప్పుకొనలేదు. అతడు ఆ పట్టణపు ప్రక్కనే తన కొరకు రాతిలో క్రొత్త సమాధిని తొలిపించుకొని యుండెను. ఆ సమాధినే, తన సభ శిక్షించిన వానికి ఇచ్చివేసెను. ఒక సభాసభ్యుని సమాధి లోకములో అన్నిటికంటె ప్రసిద్ధమైన సమాధి ఆయెను. కాని అందు పండుకొన్నవాడు అతడు కాడు. పండుకొన్నవాడును అక్కడ నిలువలేదు.

ప్రియులారా, ఇక మన బాధ్యతను చూతము. శబరి గోదావరిలో కలియు కూనవరము, దాని ప్రక్క వి.ఆర్. పురం, చింతూరు, వేలేరుపాడు, కుక్కునూరు ప్రాంతములలో అనేక గ్రామములు పోలవరము జలాశయమునకు విడువవలసినవి. లక్షకు పైగా కుటుంబములు కదలవలెనని లెక్క. బ్రదికియున్నవారు మూటలు కట్టుకొని వెళ్లగలరు, సమాధులు వెళ్లలేవు. 2022 జూలైలో భద్రాచలము యొద్ద నీరు 71 అడుగులు దాటినప్పుడు మన వాగుల ఒడ్డు సమాధుల గతి ఏమై యుండునో మీరే తలంచుడి. 2013 నాటి భూసేకరణ చట్టపు మూడవ షెడ్యూలులో, క్రొత్త ఊరికి కల్పింపవలసిన వసతులలో ఆయా సమాజముల ఆచారమును బట్టి సమాధుల స్థలము గాని దహన స్థలము గాని ఒకటి. ఇది దయ కాదు, హక్కు. హెబ్రోనులో అబ్రాహాము పరదేశియైయుండి శారాను పాతిపెట్టుటకు వెండి తూచి ఇచ్చి స్థలము కొనెను. ఊరకే ఇత్తుమనినను ఒప్పుకొనలేదు. చనిపోయినవారికి చోటు అడుగుట బ్రదికినవారు సిగ్గుపడవలసిన పని కాదు. మీ సంఘములో ఎవరైన క్రొత్త కాలనీకి వెళ్లియున్న యెడల, “సమాధుల దొడ్డి ఉన్నదా?” అని అడుగుడి. లేనియెడల వారితో కూడ మండల కార్యాలయమునకు నడువుడి.

మరియు మన ఊరి సమాధుల దొడ్డిలో ఎవరికి ఎంత చోటు? సర్పంచి గారి తండ్రికి సిమెంటు గట్టును ఇనుప కంచెయు కట్టి, కూలివాని బిడ్డను కంచె వెలుపల ముండ్లలో పూడ్చుట మనకు తగునా? సంఘ పెద్దలారా, మీరు ఈ సంగతిని తెగవేయునప్పుడు మీరును న్యాయాధిపతులే.

నిజముగా మనలో ప్రతివాడును ఏదో ఒక చోట న్యాయాధిపతియే. పంచాయితీలో కూర్చుండు వార్డు సభ్యుడు, పొలము గట్టు తగవు తీర్చు గూడెపు పెద్ద, ఇద్దరు కోడండ్ర నడుమ మాట చెప్పు అత్త, పిల్లల తగవు విచారించు తండ్రి, వీరందరును తీర్పు తీర్చువారే. రేపు మనలను మోసికొనిపోవువారు ఆ తగవులలో మన యెదుట నిలిచినవారే. మన మీద మట్టి వేయు చేతులు వారి చేతులే. కాబట్టి ఈ రాత్రి పండుకొనకముందు ఒక పని చేయుడి. మీ ఇంటినుండి సమాధుల దొడ్డికి పోవు దారిని మనస్సులో ఒకసారి నడువుడి. ఏ గుమ్మము ముందు మీ అడుగు తడబడునో చూచుకొనుడి. తెల్లవారగానే, మీ కాళ్లతో నడువగలుగుచుండగానే, ఆ గుమ్మమునకు వెళ్లుడి.

ఎవరి పక్షమును చూడక తీర్పు తీర్చు దేవుడు మన నోటి తీర్పులను శుద్ధిచేసి, మన పొరుగువారి నడుమ సమాధానముతో పండుకొను భాగ్యమును మనకు దయచేయునుగాక. ఆమేన్.