బరువు, పరిపాకం

యాస్కుని నిరుక్తం వార్ష్యాయణి అనే పూర్వాచార్యుని పేరిట షడ్భావ వికారాలను, అంటే ఉనికిగల ప్రతిదీ పొందే ఆరు దశలను పేర్కొంటుంది: పుట్టడం, ఉండడం, మారడం, పెరగడం, క్షీణించడం, నశించడం. ఇందులో పెరుగుదల వెంటనే క్షీణతే వస్తుంది. పరిపాకానికి, అంటే పండి నిండుదనం పొందడానికి, విడిగా చోటు లేదు. అది పెరుగుదలకు చివరా, క్షీణతకు మొదలా అన్నది ఆలోచించదగిన ప్రశ్న.

నవనాథ సిద్ధుల గుట్టకు నెలవైన ఆర్మూరు చుట్టుపక్కల పసుపు చేలలో దీనికి జవాబు వెతకవచ్చు. జూన్‌లో నాటిన పసుపు వానకాలమంతా ఆకు పెంచుతుంది. ఆ ఆకు ఎండలో తయారుచేసిన ఆహారం నేలలోని దుంపకు దిగి పిండిపదార్థంగా నిలువ ఉంటుంది. ఎనిమిది తొమ్మిది నెలలకు ఆకులు పండుబారి, ఎండి వాలిపోయినప్పుడే దుంప ఊరిందని రైతు తేల్చుకుంటాడు. కనుక ఆకు వాడడం, దుంప నిండడం వేరువేరు ఘటనలు కావు. ఒకే పరిణామం నేలపైన క్షీణతగా, నేల లోపల పూర్ణతగా కనిపిస్తున్నది.

తవ్విన తరువాత కొమ్ములను, మండలను (తల్లి దుంపలను) వేరుచేసి, ఉడికించి, కళ్లంలో ఎండబెడితే వంద కిలోల పచ్చి పసుపు సుమారు ఇరవై కిలోలకు తగ్గుతుంది. బాగా ఎండిన కొమ్ము విరిస్తే ఖణేలుమంటుంది; నిజామాబాద్ మార్కెట్ యార్డులో ధర పలికేది ఇలా మిగిలినదానికే.

పాశ్చాత్య దేశాల్లో పోటీలకు పెంచే మహా గుమ్మడికాయలోనూ బరువుకూ పరిపాకానికీ మధ్య ఈ భేదం ఉంది. అది ఉధృతంగా పెరిగే రోజుల్లో రోజుకు పదిహేను ఇరవై కిలోల బరువెక్కుతుంది. 2025లో ఇంగ్లండ్‌లో ఒక కాయ 1,278.8 కిలోలు తూగి ప్రపంచ రికార్డు సాధించింది. అయితే ఆ బరువులో అధికభాగం నీరే. లోపలి గింజ నిండి మొలకెత్తే శక్తిని సంతరించుకునే పని కాయ పెరుగుదల మందగించాక కూడా సాగుతుంది.

గుమ్మడి కుటుంబానికే చెందిన దోసపండు తొడిమ నుంచి విడివడడాన్ని మృత్యుంజయ మంత్రం విముక్తికి ఉపమానంగా తీసుకోవడంలోని ఔచిత్యం ఇక్కడ స్పష్టమవుతుంది: ఆ విడుపు లేమి వల్ల కలిగింది కాదు, నిండుదనం వల్ల కలిగింది.

అయితే తగ్గడమే పరిపాకమనుకోవడం పొరపాటు. ఊరని దుంపను ఎండబెట్టినా బరువు తగ్గుతుంది, కాని అది ముడుచుకుపోయి తక్కువే మిగులుతుంది. మనిషి జీవితంలోనూ అంతే: గృహస్థాశ్రమంలో బాధ్యతగా కూడబెట్టుకున్న అనుభవం, స్నేహం, జ్ఞానం ఉన్నవారికే వానప్రస్థంలోని త్యాగం సార్థకమవుతుంది. సంగ్రహం లేని వైరాగ్యం డొల్ల. వైరాగ్యానికి ఒప్పుకోని సంగ్రహం వట్టి బరువు.